తుమ్మనీళ్ళ వెంట ధర్మవరం దాకా

అనంతపురం జిల్లా వెళ్ళొచ్చానని చెబితే మా గుంటూరులో అందరూ ముందుగా అడిగేది లేపాక్షి బసవన్నను చూశావా అని. చూడలేదు. పెనుకొండ కోట ఎక్కావా అంటే ఎక్కలేదు. మరి ధర్మవరం పట్టుచీరైనా తెచ్చుకున్నావా అని మా వదిన అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

నేను ఆడపిల్లల కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాను. నయాపైసలు వచ్చి నాలుగేళ్ళవుతున్నా బజారులో ఇంకా అణాల్లోనే బేరాలాడుతున్న రోజుల్లో, పరిశోధన చేసి పట్టా సంపాదించాలని నాకు బుద్ధి పుట్టింది. మా శాఖాధిపతిగారు విషయం ఎంచి ఇచ్చారు. చెరువు నీళ్ళలో కరిగి ఉండే సేంద్రియ పదార్థం కాలాన్నిబట్టి ఎలా మారుతుందో చూడాలి. ఆకూ అలమూ, పేడా, చచ్చిన నాచూ నీళ్ళలో కుళ్ళినప్పుడు వాటిలోని కర్బనం కొంత ఆ నీళ్ళలోనే కరిగిపోతుంది. గుడ్డలో వడకట్టినా పోదు, కాగితంలో వడకట్టినా పోదు. దాన్ని కనిపెట్టే ఉపాయం మాత్రం సులువే. కలరా రోజుల్లో బావుల్లో వేసే ఊదారంగు పర్మాంగనేటు అందరికీ తెలుసు. నీళ్ళలో అది కాస్త వేసి, రెండు చుక్కల ఆమ్లం కలిపి కాచాలి. కరిగిన పదార్థం ఎంత ఎక్కువ ఉంటే ఊదారంగు అంత త్వరగా వెలిసిపోతుంది.

కాలవల దేశంలో పుట్టినదానికి చెరువుల గొడవెందుకని మా ఇంట్లో నవ్వారు. మా కాలవ నీళ్ళు ఇవాళ వచ్చి రేపటికి సముద్రం దారి పడతాయి. రాయలసీమ చెరువు అలా కాదు, వచ్చిన నీళ్ళను ఏడాది పొడుగునా పట్టుకుని కూర్చుంటుంది. అందుకే అక్కడికి. పుష్యమాసంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి వెళ్ళొచ్చాను. మూడోసారి తొలివానలు పడ్డాక వెళ్ళాలి. ఆషాఢం చివర అక్కడ వానలు పడ్డాయని తెలిసినా, సెలవు దొరికి గుంతకల్లులో బండి మారేసరికి శ్రావణం సగమైంది. ఇది ఆ మూడో ప్రయాణం సంగతి.

హిందూపురం

ముందు చివరి ఊరికి పోయి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ ఒక్కో చెరువూ చూసుకుందామని హిందూపురంలో దిగాను. స్టేషను బయటికి రాగానే బెల్లం వాసన, చింతపండు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. జట్కావాడు నాతో తెలుగులోనూ, గుర్రంతో కన్నడంలోనూ మాట్లాడాడు.

లాడ్జీ యజమాని నా వెనక ఎవరైనా మగవాళ్ళు వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూశాడు. ఎవరూ రాలేదు.

"ఒంటి ఆడమనిషికి గది ఇచ్చేది ల్యామ్మా. పోలీసోళ్ళతో మాకు తంటా" అన్నాడు.

కాలేజీ ఉత్తరం చూపించాను. దాన్ని గౌరవంగా చదివి, గౌరవంగా తిరిగి ఇచ్చేశాడు. సామాను స్టేషనులో ఆడవాళ్ళ గదిలో పెట్టుకున్నాను. మగవాడైతే దొంగకైనా గది ఇచ్చేవాడు కదా అనుకున్నాను.

భోజనం ఆరణాలు. రాగిముద్ద, ఆకుకూర పులుసు, ఉల్లిగడ్డ. నేను ముద్దను అన్నం నమిలినట్టు నమలబోయాను. అది పళ్ళకంతా అతుక్కుంది. వడ్డించేవాడు జాలిపడి, "నమలగూడదమ్మా, మింగల్ల" అన్నాడు. మింగాను. మా వైపు ఇలాంటి తిండి పెడితే పెళ్ళివారు పంక్తిలోంచి లేచిపోతారు. ఇక్కడ అది తిని మనుషులు పొద్దు గుంకేదాకా బండెడు చాకిరీ చేస్తారు.

ఊరికి రెండు మైళ్ళలో ఉన్న చెరువు దగ్గర తూము తీసి మూసే నీరుగంటి కట్టమీద కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళు ఉంటాయి. నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగి సీసా ముంచడం చూసి కేకేశాడు.

"ఏం జేస్తాండావమ్మా ఆడ?"

"పరీక్షకు నీళ్ళు పట్టుకుంటున్నానయ్యా."

"ఈ నీళ్ళా? ఈటిని గొడ్లే ముట్టవు. దుడ్లు పెట్టి రైలెక్కి ఈటికోసరం వస్తివా?"

నీళ్ళు నిజంగానే కాచిన టీ రంగులో ఉన్నాయి. వైశాఖంలో నేను చూసిన పచ్చని నాచునీళ్ళు కావివి. పుష్యంలో అడుగు కనిపించిన తేటనీళ్ళు అసలే కావు.

"తొలినీళ్ళు చెరువును కడిగిన నీళ్ళమ్మా" అన్నాడతను. "కడిగిన నీళ్ళు ఎవురన్న వాడతారా? ఒగ నెల ఇడిచిపెడితే అంతట అయ్యే తేటబడతాయి."

నేను నవ్వి, నీటి వేడిమి ఎంతో పుస్తకంలో రాసుకున్నాను. అతని మాట రాసుకోలేదు.

పెనుకొండ స్టేషను

పెనుకొండలో దిగగానే ఒక కానిస్టేబులు నా పెట్టె ముందు నిలబడ్డాడు. మద్యనిషేధం రోజులు. మైసూరు వైపునుంచి సరుకు దొంగతనంగా వస్తుందని ఈ బండి మీద వాళ్ళకొక కన్ను.

"ఏముండాది దీంట్లో?"

పెట్టె తెరిచాను. గడ్డిలో వరసగా సర్దిన సీసాలు, నిండా ఎర్రటి ద్రవం.

"చెరువు నీళ్ళు" అన్నాను.

"చెరువు నీళ్ళు సీసాల్లో పోసి, బిరడా పెట్టి, గడ్డిలో సర్దుకోని పోయేవాళ్ళను నేనింతవరకూ సూళ్ళేదమ్మా."

ఒక్కో సీసా బిరడా తీసి వాసన చూశాడు. మొహం చిట్లించాడు. చుట్టూ పదిమంది చేరారు. చివరికి దీపం వెలిగించుకోవడానికి తెచ్చుకున్న స్పిరిటు సీసా అతని చేతికి చిక్కింది. అతని మొహం వెలిగిపోయింది.

"ఇదీ చెరువు నీళ్ళేనా?"

కాలేజీ ఉత్తరం మళ్ళీ బయటికి తీశాను. స్టేషను మాస్టరు వచ్చి చదివి వినిపించాడు. నన్ను వదిలారు కానీ స్పిరిటును వదల్లేదు. హిందూపురం నీళ్ళ సీసా ఒకటి బిరడా సరిగా పెట్టకపోవడం వల్ల ఒలికి గడ్డంతా తడిసింది. అదృష్టం కొద్దీ దాని పరీక్ష ముందే అయిపోయింది. గుమిగూడినవాళ్ళలో ఒకాయన నావైపు చూస్తూ పక్కవాడితో, "సదువుకున్నోళ్ళు గూడా ఈ పని పట్టినారప్పా" అన్నాడు.

చెలమ

పెనుకొండ దగ్గర చెరువుకు పోతే, ఒడ్డున ఇసకలో ఒక అవ్వ చిన్న గుంట తవ్వుకుని చిప్పతో నీళ్ళు తోడుకుంటోంది. చెరువు నిండా నీళ్ళున్నాయి. ఆవిడ మాత్రం గుంటలో ఊరే నీటికోసం కాచుకుని కూర్చుంది. దీన్ని ఇక్కడ చెలమ అంటారు. ఆవిడ పక్కన గంపలో కొండమీదినుంచి తెచ్చిన సీతాఫలాలు ఉన్నాయి. రెండణాలకు ఆరు ఇచ్చింది. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు కూడా రావు.

"యావూరమ్మా మీది?"

"గుంటూరు."

"అది యాడొస్తాది? రొద్దం అవతలా?"

"ఇంకా చాలా దూరం అవ్వా."

"అంత దూరం నించి వచ్చినావు, సంగటి తింటివా లేదా?" అంది. మా వైపు కొత్తవాళ్ళు కనిపిస్తే ముందు కులం అడుగుతారు. ఇక్కడ ముందు సంగటి అడిగారు, కులం తర్వాత అడిగారు.

స్పిరిటు లేదు కనుక మూడు రాళ్ళు పెట్టి పుల్లలు రాజేశాను. అవ్వ కూడా ఎండుపేడ తెచ్చి వేసింది. చెరువు నీళ్ళు ఒక గొట్టంలో, చెలమ నీళ్ళు ఇంకొక గొట్టంలో పోసి, రెంటిలోనూ సమంగా ఊదారంగు వేసి కాచాను. చూస్తూ ఉండగానే చెరువు నీళ్ళలో ఊదా విరిగి, గోధుమరంగై, వెలిసిపోయింది. చెలమ నీళ్ళలో అది చెక్కు చెదరలేదు.

నా సంతోషానికి హద్దు లేదు. "చూశావా అవ్వా! ఈ నీళ్ళు మంచివి, ఆ నీళ్ళు కావు!"

అవ్వ నన్ను వింతగా చూసింది.

"దీనికి ఇన్ని గాజుగొట్టాలు యాల తల్లీ? నన్నడిగింటే చెప్పనా? ఇయి నేల తాగి మనకిడిచిన నీళ్ళు. ఆటిని నేలింకా తాగల్యా."

ఆ మాట నచ్చింది. ఈసారి పుస్తకంలో రాసుకున్నాను, వెనక పేజీలో, చాకలి పద్దు పక్కన.

ధర్మవరం

ధర్మవరంలో నాకు తెలిసిన ఇల్లొకటి ఉంది. పట్టునూలుకు రంగులు వేసే ఓబులప్పది. పుష్యమాసంలో నేను మొదటిసారి వచ్చినప్పుడు చెరువుకు దారి చూపించింది అతనే. ముప్పై ఏళ్ళుగా రంగుకాగుల ముందు నిలబడ్డ మనిషి. చేతులు మోచేతుల దాకా ఎప్పటికీ పోని నీలం. వాళ్ళింట్లో నాకు మరమరాలు పెట్టారు. వాటిని వాళ్ళు బొరుగులంటారు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటారు.

ఆనాడు నీళ్ళు పరీక్షించి నేను చాలా మెచ్చుకున్నాను. ఊదారంగు ఎంతసేపటికీ వెలవలేదు. ఓబులప్ప తల ఊపాడు.

"ఇప్పుడు బాగనే ఉంటాయి తల్లీ. పుష్యంలో మాకు నీళ్ళతో పేచీ ల్యా. తొలివానకి వచ్చి సూడు. చెరువులో ఆ తుమ్మచెట్లన్నీ సూస్తాండావు గదా, ఎండాకాలమంతా రాలిన కాయలు నాని చెరువు కషాయమైతాది. పసుపు వేస్తే బూడిదైతాది. ఆ ఇరవై దినాలు మేము కాగులు బోర్లిస్తాం. పని ఆగగూడదంటే బండి కట్టి దూరం నించి తీపిబావి నీళ్ళు తెచ్చుకుంటాం."

సరిగ్గా అదే నేను కనిపెట్టవలసిన విషయం. అప్పటికి నా చెవికెక్కలేదు. ఆ సాయంత్రం ఓబులప్పకు పనిచ్చే సావుకారు వచ్చాడు. నీళ్ళు పరీక్ష చేసే అమ్మ వచ్చిందని ఊళ్ళో అప్పటికే పాకింది. ఆయన నాకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, "మా చెరువు నీళ్ళు ఎట్లుండాయో రొంత రాసియ్యమ్మా" అన్నాడు. నా జీవితంలో ఒక పెద్దమనిషి నా సంతకం అడగడం అదే మొదలు. కాలేజీ పేరున్న కాగితం మీద, ఈ చెరువు నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం అత్యల్పమనీ, పట్టుకు రంగు వేయడానికి ఎంతో అనుకూలమనీ రాసి సంతకం చేశాను. ఏ కాలంలో అన్నది రాయలేదు.

వైశాఖంలో చెరువు దగ్గర సీసా నింపుకుని అట్నుంచటే వెళ్ళిపోయాను, ఊళ్ళోకి రాలేదు. ఇప్పుడు శ్రావణంలో అదే గడప ముందు నిలబడ్డాను. ఓబులప్ప భార్య నాగమ్మ తలుపు తీసింది. కూర్చోమనలేదు. ఆమె వెనక పెరట్లో పొయ్యిలు కనిపించాయి కానీ వాటిమీద రాగి కాగులు లేవు.

"ఓబులప్ప లేడా అమ్మా?"

"చెనక్కాయల మిల్లుకి పోయినాడు. మూటలు మోసేకి."

"మూటలా? రంగు పని?"

"నీకు తెలీదా?" అంది నాగమ్మ. "నీ కాగితమే గదా."

ఆమె గుమ్మంలో నిలబడే చెప్పింది. ఆషాఢం చివర తొలివాన పడింది. శ్రావణంలో పెళ్ళి, పెద్దింటివాళ్ళు పన్నెండు చీరలు చెప్పినారు, పసుపూ కుంకం రంగులు. ఓబులప్ప కాగులు బోర్లించబోతే సావుకారు ఒప్పలేదు. బండి కట్టి బావి నీళ్ళు తెస్తానంటే బండి ఇయ్యలేదు. గోడకు తగిలించిన నా కాగితం చూపించి, ఇంత సదువుకున్నామె నీళ్ళు బాగుండాయని రాసిచ్చినాక నీదేం పెత్తనమన్నాడు. ఓబులప్ప వేసినాడు. పసుపు మాసిపోయింది. కుంకం ఇటుకరాయి రంగుకు తిరిగింది. పెళ్ళివాళ్ళు చీరలు మొహాన కొట్టినారు.

"నీళ్ళది తప్పు గాదని కాగితం చెప్తాండాదంట. అట్లయితే ఎవురిది? ఈయప్ప చేతిది. చెయ్యి చెడిపోయింది, కండ్లు కానరావు అని సావుకారు ఊరంతా చెప్పినాడు. ఒగ్గరూ పట్టు ఇయ్యల్యా. ముప్పై ఏండ్లమ్మా. ఆ చేతుల్తో మూటలు మోస్తాండాడు."

నాగమ్మ లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కోపంలోనూ నీళ్ళివ్వడం మానలేదు. ఆ నీళ్ళు తాగడం నాకు చాలా కష్టమైంది.

సావుకారు అరుగు మీద

మర్నాడు పొద్దున్నే చెరువుకు పోయి ఒక సీసా, తీపిబావికి పోయి ఒక సీసా పట్టుకుని నేరుగా సావుకారింటికి వెళ్ళాను. అరుగు మీద నలుగురు నేతగాళ్ళు పనికోసం కూర్చుని ఉన్నారు. మంచిదే అనుకున్నాను, నలుగురూ చూస్తారు. గోడమీద నా కాగితం అద్దం బిగించిన చట్రంలో ఉంది.

కుంపటి అడిగి తెప్పించి, రెండు గొట్టాలూ కాచి చూపించాను. చెరువు నీళ్ళలో ఊదా వెలిసిపోయింది, బావి నీళ్ళలో నిలిచింది. నేతగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఓబులప్ప చేతిలో తప్పేమీ లేదండీ" అన్నాను. "తప్పు నాది. నేను చూసింది పుష్యమాసం నీళ్ళు. ఈ కాలంలో నీళ్ళు వేరు. కొత్త కాగితం రాసి తెచ్చాను. పాతది తీసేయండి."

సావుకారు నా కొత్త కాగితం తీసుకోలేదు. తాంబూలం నములుతూ నెమ్మదిగా అన్నాడు.

"తొలివాన నీళ్ళకి రంగు పట్టదని నాకు తెలీదనుకుంటివా అమ్మా? మా తాతల నాటి నించీ ఈ యాపారంలో ఉండాము. ఈ ఊర్లో పురిటిబిడ్డకి గూడా తెలుసు."

"తెలిసి ఎందుకు వేయమన్నారు?"

"పెండ్లి ఆగుతాదా? వేస్తే పట్టొచ్చు, పట్టకపోవచ్చు. వేయకుంటే బేరం పోయేది ఖాయం. పట్టకపోతే ఎవురిదో ఒగరిది తప్పు గావాల. నాదంటే రేపు నాకెవురూ చీరలు చెప్పరు. నీళ్ళదంటే ఊరికంతా చెడ్డపేరు. నీ కాగితం ఉండేతలికి ఆ తప్పు పోయి వాని మీద పడింది. నేను నిన్ను అబద్ధం రాయమంటినా?"

అనలేదు. ఆ మాట నిజం.

"ఇప్పుడైనా ఆయన్ను పిలిచి పని ఇవ్వండి. ఈ నలుగురి ముందర చెప్పండి."

నలుగురూ తలలు వంచుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో మగ్గాలమీద ఉన్నది ఈయన పట్టే.

"అయిపోయినదానికి ఎందుకమ్మా" అని సావుకారు లోపలికి కేకేసి ఒక చీర తెప్పించాడు. పసుపు చీర, పెద్ద జరీ అంచు. పసుపులో ఎక్కడ చూసినా బూడిద నీడ. "ఆ పన్నెండిట్లో ఒగటి. రంగు రొంత మాసిందే గానీ పట్టు అసలైంది. ఇంతదూరం వచ్చినావు, నీకైతే సగానికిస్తా."

మా వదిన అడిగిన ధర్మవరం చీర అదే. మోకాళ్ళ మీద పరిచి చూపించాడు కూడా. నేను గొట్టాలు కడుక్కోకుండానే పెట్టెలో వేసుకుని అరుగు దిగాను.

మిల్లు దగ్గర

సాయంత్రం మిల్లు వదిలే వేళకు గేటు దగ్గర ఓబులప్పను కలిశాను. భుజంమీద గోనెపట్టా, జుట్టంతా వేరుశనక్కాయల పొట్టు. నన్ను చూసి దండం పెట్టాడు. నాకు పెట్టవలసిన దండం కాదది.

జరిగినదంతా చెప్పి, కొత్త కాగితం అతని చేతికిచ్చాను. అతను దాన్ని తిప్పి చూసి, చదవడం రాదు కనుక, ఏముందని అడిగాడు. చదివి వినిపించాను. తొలివానల తర్వాత ఈ చెరువు నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల్లో రంగు చెడితే అది పనివాడి లోపం కాదు అని.

"ఇది నేను చెప్పిందే గదమ్మా" అన్నాడు.

"అవును."

"ఆ పొద్దు నువ్వు రాసింది గూడా అబద్ధం గాదు తల్లీ. ఆ పొద్దు నీళ్ళు బాగుండె. నేను చెప్పింది నువ్వు రాయలేదు, అంతే."

కోప్పడి ఉంటే బాగుండేది. కాగితాన్ని మడతలు నలగకుండా మడిచి నాకే తిరిగి ఇచ్చేశాడు. తన దగ్గర ఉంటే చెమటకు తడిసిపోతుందని అన్నాడు. తర్వాత నన్ను స్టేషను దాకా సాగనంపి, నా పెట్టె తనే మోశాడు. వద్దంటే వినలేదు. కూలీ ఇవ్వబోతే తీసుకోలేదు.

తిరిగొచ్చాక

మా శాఖాధిపతిగారు లెక్కలు చూసి చాలా సంతోషించారు. మూడు కాలాల్లో మూడు చెరువుల నీళ్ళూ ఇంత స్పష్టంగా తేడా చూపించడం అరుదన్నారు. వ్యాసం రాయమన్నారు. నేను రాశాను. మొదటి పేజీలోనే, ఈ సంగతి ధర్మవరంలో రంగులు వేసే ఓబులప్ప అనే ఆయన నాకు ముందే చెప్పాడనీ, నేను వినకపోవడం వల్ల ఆయనకు నష్టం జరిగిందనీ నాలుగు వాక్యాలు రాశాను.

శాఖాధిపతిగారు కళ్ళద్దాలు తీసి, "ఇది శాస్త్రమా, ఉత్తరమా?" అన్నారు. "రంగులవాళ్ళ మాటలు ఆధారం కావమ్మా. పైగా మన కాలేజీ కాగితం మీద పొరపాటు రాసినట్టు మనమే అచ్చువేసుకుంటామా? తీసెయ్. పట్టా కావాలా వద్దా?"

రెండు రోజులు ఆలోచించాను. సావుకారు అరుగు మీద తలలు వంచుకున్న ఆ నలుగురినీ వచ్చిన దగ్గరినుంచీ మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. మూడో రోజు నేనే కలం తీసుకుని ఆ నాలుగు వాక్యాలూ కొట్టేశాను. ఆ చోట ఏదో ఒకటి ఉండాలి కదా. "తొలివానల తర్వాత ఈ ప్రాంతపు చెరువు నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం అన్ని కాలాలకన్నా హెచ్చుగా ఉంటుందని మేము మొదటిసారిగా గమనించాము" అని రాశాను.

వ్యాసం అచ్చయింది. పట్టా వచ్చింది. కాలేజీలో దండ వేశారు. 'మొదటిసారిగా' అన్న మాట ఆయన పెట్టమనలేదు. నేనే పెట్టాను.